గొంతుకు కుదరని పాట

నన్ను మీరు చూసి ఉండరు. చూసినా ట్రంపెట్ అనుకుని ఉంటారు. కాస్త ఒళ్లు చేసి, మూతి పెద్దదైన ట్రంపెట్. నా పేరు మెలోఫోన్. ఎఫ్ శ్రుతి, మూడు వాల్వులు, వెండి పూత. సింఫనీ ఆర్కెస్ట్రాలో నాకు కుర్చీ ఉండదు. అక్కడ నా పని ఫ్రెంచ్ హార్న్ చేస్తుంది. దాని బెల్, అంటే మూతి, వెనక్కి తిరిగి ఉంటుంది, అందులో వాయించేవాళ్లు చెయ్యి కూడా పెడతారు, శబ్దం గోడకు తగిలి మెత్తబడి శ్రోత దగ్గరికి చేరుతుంది. మైదానంలో గోడలెక్కడివి? అందుకని నన్ను చేశారు. నా బెల్ సూటిగా ముందుకే చూస్తుంది. ముందుకి నడుస్తూ, వెనక్కి నడుస్తూ, ఒక్కోసారి పరిగెడుతూ నన్ను వాయిస్తారు. శ్రుతిలో నిలవనని నా మీద ఒక అపవాదు ఉంది. పూర్తిగా అపవాదు అని కూడా అనలేను.

నేను పనిచేసింది అమెరికాలో ఒక డ్రమ్ కోర్‌లో. పేరెందుకులెండి. ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, మైదానం అంచున నిలబెట్టిన మరింబాలూ వైబ్రఫోన్‌లూ, జెండాలూ కత్తులూ చెక్క తుపాకులూ ఎగరేసే కలర్ గార్డ్, అంతా కలిసి 150 మందికి పైగా పిల్లలు. పిల్లలంటున్నా గానీ 21, 22 ఏళ్ల దాకా ఉంటారు. అది దాటితే చోటు లేదు. మేలో పూర్తిస్థాయి శిక్షణ మొదలవుతుంది. జూన్ చివరి నుంచి ఆగస్టు రెండో వారం దాకా బస్సుల్లో ఊరూరా తిరుగుడు, స్కూలు జిమ్‌లలో నేల మీద పడక. ఈ పోటీలు నడిపే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ 1971లో పుట్టింది. మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగింది. ఇప్పుడు ఇండియానాపొలిస్‌లో, లూకాస్ ఆయిల్ స్టేడియంలో జరుగుతోంది.

వేసవంతా కలిపి ఒక్కో కోర్‌కి ఉండేది ఒకటే షో, పన్నెండు నిమిషాల లోపు. విడుదలయ్యాక రెండో వారంలో కత్తిరింపులు వేసే సినిమాలు మీకు కొత్త కాదు. మా షో ప్రతి రాత్రీ విడుదలవుతుంది, ప్రతి మధ్యాహ్నం దానికి కత్తెర పడుతుంది.

నాకు తెలుగెలా వచ్చిందని కదా మీ అనుమానం. నన్ను వాయించిన అమ్మాయి డల్లాస్ పక్కన ఫ్రిస్కో పిల్ల. వాళ్ల నాన్నది ఏలూరు, అమ్మది ఖమ్మం. టెక్సస్ హైస్కూళ్లలో మార్చింగ్ బ్యాండ్ ఆషామాషీ వ్యవహారం కాదు. అక్కడ తేలినవాళ్లే చాలామంది కోర్‌లకి వస్తారు, ఈ పిల్లా అలాగే వచ్చింది. రాత్రి సామాను ట్రక్కులోకి ఎక్కించే ముందు నా పెట్టె మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసేది.

"తిన్నావా తల్లీ?"

"తిన్నానమ్మా."

"ఏం పెట్టారు?"

"వాళ్లు పెట్టింది."

ఈ నాలుగు ముక్కలూ రోజూ వినేసరికి మిగతా భాష దానంతటదే పట్టుబడింది.

ఇక పాట సంగతి. షో మధ్యలో, ఎక్కువగా డ్రమ్ముల హోరు అయ్యాక, నిదానంగా సాగే పాట ఒకటి ఉంటుంది. దాన్ని బ్యాలడ్ అంటారు. మార్కుల కాగితంలో బ్యాలడ్‌కి వేరే గడి లేదు. నూటికి 40 జనరల్ ఎఫెక్ట్‌కి, 30 సంగీతానికి, 30 దృశ్యానికి. కానీ బ్యాలడ్ చప్పగా ఉంటే ఆ 40 కదలవు. మెట్ల మీద కూర్చున్నవాడి గుండెలో ఏం జరిగిందో చూసే గడి అదే మరి. పాతకాలం వాళ్లు కలిసినప్పుడు తలుచుకునేవి కూడా వేగపు పాటలు కావు. ట్వంటీ సెవెంత్ లాన్సర్స్ కోర్ అంటే డానీ బాయ్, మాడిసన్ స్కౌట్స్ అంటే యూ విల్ నెవర్ వాక్ అలోన్, శాంటా క్లారా వాన్‌గార్డ్ అంటే సెండ్ ఇన్ ద క్లౌన్స్. వాళ్ల చేతుల్లో ఉన్నవి జి శ్రుతి బ్యూగిళ్లు. మూడో వాల్వుకి 1990 దాకా అనుమతే లేదు. మైకులు 2004లో వచ్చాయి, సింథసైజర్లు 2009లో. అవేవీ లేనప్పుడు బ్యాలడ్ ఉంది. అన్నీ ఉన్న మా దగ్గర బ్యాలడ్ లేదు.

ఉందనే అనుకున్నారు. చలికాలం క్యాంపుల్లో, జిమ్‌లో అర్ధచంద్రాకారంగా నిలబడి వాయిస్తే ఒళ్లు జలదరించేది. అసలు రాగం మెలోఫోన్‌లకే ఇచ్చారు. నాకంటే సంబరపడ్డవాళ్లు లేరు. ట్రంపెట్‌కి కింద, బారిటోన్‌కి పైన, ఎవరూ గుర్తుపట్టని మధ్య స్వరాలు మోయడమే మామూలుగా నా బతుకు. ఈసారి పాట మాది. కాకపోతే పాటని మా వాద్యాలకి రాసిచ్చే అరేంజర్ దాన్ని డి ఫ్లాట్‌లో రాశారు. మొదటి రెండు పాదాలూ నా గొంతు అట్టడుగున పడ్డాయి. నా కింది స్వరాల్లో గాలి ఎక్కువ, నాదం తక్కువ. గట్టిగా ఊదితే బండగా వస్తాయి, మెల్లగా ఊదితే రావు. జిమ్‌లో గోడలు వాటిని మోశాయి. మేలో పచ్చిక మీదికి వచ్చేసరికి మోసేవాళ్లు లేరు.

ముందుగా చేసినవన్నీ అందరూ చేసేవే. ఇంకాస్త గట్టిగా ఊదమన్నారు. కింద సింథసైజర్‌తో బేస్ పరిచారు. జెండాలు మార్చి పెద్దవి తెచ్చారు. ఫ్లూగల్‌హార్న్ సోలో ఒకటి అతికించారు. సోలో వాయించేవాడేమో మైదానం ఎడమ కొసన, వాడి శబ్దమేమో నడిమధ్యన పెట్టిన స్పీకర్లలోంచి. కళ్లు ఒకవైపు, చెవులు ఒకవైపు. "కొంచెం ఫీలింగ్ పెట్టండి" అని కూడా అన్నారు. పాపం, ఆ మాట అన్న కుర్ర టీచర్‌కి పిల్లలంటే ప్రాణం. కానీ స్వరమే అందని చోట ఫీలింగ్ ఏ కొమ్మ పట్టుకుని వేలాడుతుంది?

జులైలో శాన్ ఆంటోనియో వచ్చాం. అలమోడోమ్‌లో షో. కప్పు ఉన్న స్టేడియం, కొట్టిన దెబ్బ గాలిలో తిరిగి తిరిగి గానీ అణగదు. అమ్మాయి వాళ్ల నాన్న డల్లాస్ నుంచి కారులో వచ్చారు. ఆయన డ్రమ్ కోర్ చూడడం అదే మొదలు. షో అయ్యాక పార్కింగ్‌లో అమ్మాయి నన్ను చంకలో పెట్టుకునే ఆయనతో మాట్లాడింది.

"డ్రమ్ములు అదరగొట్టారు అమ్మలూ. ఆఖర్న ఆ కత్తులు కూడా. మధ్యలో స్లో పాట ఒకటుందన్నావు?"

"ఉంది నాన్నా. డ్రమ్ముల తర్వాత."

"డ్రమ్ముల తర్వాత నేను చప్పట్లు కొడుతున్నా కదా!"

ఆ అమ్మాయి నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. ఆయన చప్పట్ల కిందే నా మొదటి పాదం నలిగిపోయింది. ఆయనదేం తప్పు? డ్రమ్ములు చప్పట్లు అడిగాయి, ఆయన ఇచ్చారు. ఆ చప్పట్లు అయ్యేదాకా ఆగే ఓపిక మా షోకి లేదు. జడ్జీలు షో చూస్తూనే తమ మాటలు రికార్డు చేస్తారు, అవి ఆ రాత్రికే టీచర్లకి అందుతాయి. అందులోనూ అదే మాట ఉంది, కాస్త మర్యాదగా.

మర్నాడు మేం దిగిన స్కూల్లో బ్యాండ్ గదిలో పంచాయితీ పెట్టారు. మూడో వాల్వ్ స్ప్రింగ్ నీరసించి నేను రిపేరు బల్ల మీద ఉన్నాను కాబట్టి మొత్తం విన్నాను. పాట శ్రుతి మారి పతాకస్థాయికి చేరే చోట పిల్లలని బీట్‌కి రెండడుగుల చొప్పున నడిపిస్తున్నారు. మామూలు అడుగు ఐదు గజాలకి ఎనిమిది, అంటే 22.5 అంగుళాలు. ఇక్కడ ఐదు గజాలకి ఆరు, అంటే 30 అంగుళాలు. కాళ్లు పక్కకి, నడుం పైభాగం జనం వైపు. పైగా వరుసలు ముందు గీత నుంచి వెనక గీత దాకా పరుచుకుని ఉన్నాయి. మైదానం వెడల్పు 160 అడుగులు, దాదాపు 49 మీటర్లు. అంత దూరం రావడానికి శబ్దానికి సెకనులో ఏడో వంతు పడుతుంది. వేగపు పాటలో డ్రమ్ములు దాన్ని కప్పేస్తాయి. నిదానపు పాటలో స్వరం అంచులు పీలికలైనట్టు వినిపిస్తాయి.

"ఇక్కడ ఆపెయ్యి. నిలబడి వాయిస్తారు" అన్నాడు బ్రాస్ మాస్టారు.

"నిలబెడితే నా మార్కులు ఎవరిస్తారు?" అన్నాడు మైదానంలో నడకలు, అంటే డ్రిల్, రాసినాయన.

"నడిపిస్తే మాత్రం ఇస్తున్నారా? గొంతులూ వణుకుతున్నాయి, నీ గీతలూ వంకరే."

ఇద్దరూ పాత స్నేహితులు కాబట్టి మాట పెరిగినా గది దాటలేదు. చివరికి కుదిరిన రాజీ ఇది: శ్రుతి మారే చోటికి ఎనిమిది కౌంట్ల ముందు అందరూ దగ్గరికి చేరుతూ ముందుకు నడుస్తారు, రెండు 35 గజాల గీతల మధ్య విల్లులా ఒదుగుతారు, శ్రుతి మారిన క్షణాన ఆగుతారు. నడకా ఉంది, నిలకడా ఉంది. ఆ నడకే పాటని ముందుకి తోస్తుంది. ఈ ఆలోచన ఇద్దరిలో ఎవరిదో అప్పుడే మర్చిపోయారు. తర్వాత ఎవరికి వాళ్లు తమదే అన్నారు.

డ్రమ్ముల భాగం చివర్లో పదహారు కౌంట్లు కోసేశారు. డ్రమ్ముల మాస్టారి మొహం చూడాల్సింది! అలా మిగిలిన సమయాన్ని పాట మొదలుకి ఇచ్చారు. ఆ వేళ తీసుకున్న నిర్ణయాల్లో నా లెక్కన పెద్దది ఇదే. డ్రమ్ములు ఆగాక ఇక పాట వెంటనే మొదలవదు. చప్పట్లు తగ్గేదాకా, ముందు నిలబడి తాళం చూపించే డ్రమ్ మేజర్ చెయ్యి ఎత్తకూడదు. తగ్గాక ఒక్క వైబ్రఫోన్, అంతే. ఫ్లూగల్‌హార్న్ కుర్రాణ్ని ముందు గీత దగ్గరికి తెచ్చి, మైకు తీసేశారు. పాట బాగులేదని అందరూ పాటనే పట్టుకుని పీకుతుంటారు. మా పాటకి జబ్బు సగం దాని గుమ్మం బయటే ఉంది.

మిగతా సగం నేను.

కొత్త నోట్స్ పిల్లల ఫోన్లకి వచ్చాయి. అమ్మాయి ఒకసారి కిందికీ పైకీ చూసుకుని, "మన మెలడీ ఏది?" అని పక్కవాణ్ని అడిగింది. బారిటోన్‌లకి ఇచ్చేశారు. సెక్షన్ మొత్తం ముఖాలు మాడ్చుకుంది. ఆ సాయంత్రం బారిటోన్‌లు మొదటి పాదం ఎత్తుకోగానే ఆ స్వరాలు వాళ్ల గొంతులో ఎంత నిండుగా ఉన్నాయో తెలిసిపోయింది. తెలిసినంత మాత్రాన ఒప్పుకోవాలని లేదు కదా. నేనూ వెంటనే ఒప్పుకోలేదు.

నాకిచ్చిన పని చూడ్డానికి చిన్నది. రెండో పాదం చివర కింద హార్మనీ మారిపోతుంది, అందరూ కొత్త స్వరాల్లోకి వెళ్లిపోతారు. నేను మాత్రం జి ఫ్లాట్ పట్టుకుని కదలకూడదు. పాతది వదలకుండా కొత్తదానిలో నిలబడితే ఒరుసుకుంటుంది, వినేవాళ్లకి లోపల ఏదో గుంజినట్టుంటుంది. రెండు బీట్లు అలా ఉండి, అప్పుడు ఎఫ్‌కి దిగాలి. చేతితో చేసేదల్లా నొక్కి పట్టిన మొదటి రెండు వాల్వులూ ఒక్కసారి వదలడం. ఎఫ్‌కి ఏ వాల్వూ నొక్కక్కర్లేదు. సులువనుకుంటారు. దిగిన ఆ ఎఫ్, డి ఫ్లాట్ హార్మనీలో మూడో స్వరం. పియానోలో ఉన్న చోట ఉంటే అది నలుసులా గుచ్చుకుంటుంది. సెమీటోన్‌ని వంద సెంట్లుగా లెక్కేస్తే దాదాపు పద్నాలుగు సెంట్లు కిందికి ఉండాలి. వాల్వ్ నొక్కని స్వరం గనక వాల్వ్ స్లైడ్ లాగి దించే వీల్లేదు, పెదవితోనే దించాలి. మధ్యాహ్నం ఎండకి నాలోని గాలి వేడెక్కి శ్రుతి పైకి పోతుంటే మరీ కష్టం.

ట్యూనర్ యంత్రం పెట్టుకుని పిల్లలు దాని ముల్లు చూస్తూ కుస్తీ పట్టారు. ఈ అమ్మాయి ముల్లు చూడలేదు. చిన్నప్పుడు ఫ్రిస్కోలో ఒక ఆంటీ దగ్గర సంగీతం నేర్చుకుంది, వర్ణాల దాకా వచ్చి మానేసింది. డి ఫ్లాట్‌ని షడ్జమం అనుకుంటే నేను దిగేది శుద్ధ మధ్యమం నుంచి అంతర గాంధారానికి, అంటే శంకరాభరణంలో మ నుంచి గ. తంబూరా సరిగ్గా శ్రుతి చేస్తే ఎవరూ మీటకుండానే ఒక గాంధారం పలుకుతుంది, స్వయంభూ గాంధారం అంటారు. ఆ ఆంటీ దాన్ని పిల్లలందరికీ వినిపించి, వినపడిందనేదాకా వదిలేవారు కాదట. దించాల్సింది ఆ గాంధారానికే. మొదట నోటితో పాడింది, తర్వాత ఊదింది. సెక్షన్ లీడర్ వెనక్కి తిరిగి, "ఇప్పుడు వాయించింది ఎవరు? మళ్లీ వాయించు" అన్నాడు. ఆ తర్వాత వరుస అంతా ఈ పిల్ల వైపు చెవి వేసింది.

అయినా గుచ్చుకోవడం పూర్తిగా పోలేదు. మేం పదిహేను మందిమి దిగాం, నలుసు మాత్రం అలాగే ఉంది. రెండు సాయంత్రాలు మమ్మల్నే తిట్టారు. తీరా చూస్తే సింథసైజర్ కూడా అదే ఎఫ్ వాయిస్తోంది, పియానో శ్రుతిలో, స్పీకర్లలోంచి. దాని భాగంలోంచి ఆ ఒక్క స్వరం తీసేశారు. మేం మళ్లీ దిగితే నలుసు లేదు. మైదానం అంచున మరింబాలు వాయించే పిల్లలు ఉలిక్కిపడి వెనక్కి చూశారు. నా మీదున్న అపవాదులో ఎంత భాగం ఇలా ఇతరుల పుణ్యమో అని అప్పుడనిపించింది.

కలర్ గార్డ్ వాళ్లకి చెప్పగానే అర్థమైంది. వాళ్ల కత్తులు అప్పటిదాకా మా స్వరంతో సంబంధం లేకుండా ఎక్కడో ఎగిరేవి. ఇప్పుడు మేం జి ఫ్లాట్‌లో ఒరుసుకున్నప్పుడు గాలిలో తిరుగుతుంటాయి, ఎఫ్‌కి దిగినప్పుడు చేతిలో పడతాయి. పట్టు తప్పితే మా దిగుడు కూడా తప్పినట్టే ఉంటుంది, అదో భయం. ఊపిరి సంగతీ అంతే. పొడుగు స్వరాల్లో పక్కవాడు పీల్చే చోట నువ్వు పీల్చకూడదు, గొలుసు తెగకూడదు. శ్రుతి మారే ముందు మాత్రం ఇత్తడి వాద్యాల వాళ్లంతా కలిసి ఒకేసారి పీల్చాలి, ఆ చప్పుడు ముందు వరుసల వాళ్లకి వినపడాలి.

కొత్త రూపం మొదటిసారి అట్లాంటాలో పెట్టారు. అధ్వానం. బుర్రల్లో కొత్త డ్రిల్, కాళ్లలో పాతది. నా ముందున్న ట్రంపెట్‌ని గుద్దుకుని నా బెల్ అంచు సొట్టపోయింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. డ్రమ్ మేజర్ కంగారులో చప్పట్లు తగ్గకముందే చెయ్యెత్తేసింది.

పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌లో కుదిరింది. కప్పు లేని స్టేడియం, మెట్లు మైదానానికి దగ్గర, జనానికి ఈ ఆట కొట్టిన పిండి. డ్రమ్ములు ఆగాయి. చప్పట్లు వచ్చాయి. డ్రమ్ మేజర్ చేతులు కిందే ఉన్నాయి. చప్పట్లు తగ్గాయి, ఇంకా చేతులు కిందే. పాప్‌కార్న్ పొట్లం చప్పుడు వినపడింది. అప్పుడు వైబ్రఫోన్. ఫ్లూగల్‌హార్న్ తర్వాత బారిటోన్‌లు నా పాత పాదాలు ఎత్తుకున్నాయి. రెండో పాదం చివర జి ఫ్లాట్ పట్టుకుని నిలబడ్డాను. కింద అందరూ వెళ్లిపోయారు, ఎదురుగా మెట్ల మీద ఒకావిడ చెయ్యి నోటి దగ్గరికి పోయింది. రెండు వాల్వులూ లేచాయి, కత్తులు చేతుల్లో పడ్డాయి. ఆ తర్వాత ఎనిమిది కౌంట్ల నడక, ఆ ఊపిరి, శ్రుతి మారి ఇ-ఫ్లాట్. అక్కడ అరేంజర్ రాగాన్ని తిరిగి నాకే ఇచ్చారు, ఈసారి పైస్థాయిలో, నా గొంతు వెలిగే చోట. నాలుగే బార్‌లు. ఆ నాలుగింటికి జనం లేచారు, పాట ఇంకా అవకుండానే.

ఇండియానాపొలిస్‌లో మళ్లీ కప్పు. ప్రతి పాదం చివరా స్వరాన్ని కాస్త ముందే వదలాల్సి వచ్చింది, లేకపోతే ప్రతిధ్వని తర్వాతి పాదం మీద పడుతుంది. అది కూడా సర్దుకున్నాం. శనివారం ఫైనల్స్‌కి పన్నెండు కోర్‌లే వెళ్తాయి. మేం వెళ్లలేదు. బ్యాలడ్ బాగుపడగానే దాని తర్వాత వచ్చే ముగింపు నీరసంగా కనపడడం మొదలైంది. అప్పటిదాకా ఎవరికీ ఆ అనుమానమే రాలేదు, దాన్ని సరిచేసేందుకు వేసవి మిగల్లేదు.

సీజన్ అయ్యాక చాలా కోర్‌లు వాడిన వాద్యాలని అమ్మేస్తాయి, మరుసటి ఏడాదికి కొత్తవి తెచ్చుకుంటాయి. నన్నొక హైస్కూల్ కొన్నది, సొట్టతో సహా. ఇప్పుడు శుక్రవారం రాత్రుళ్లు ఫుట్‌బాల్ మ్యాచుల్లో ఉంటున్నాను. నన్ను వాయించే కుర్రాడికి పళ్లకి క్లిప్పులున్నాయి, వాల్వులకి నూనె వెయ్యాలని ఇంకా తట్టలేదు. స్కూలు పాటలో అసలు రాగం మెలోఫోన్‌లకే ఇచ్చారని వాడికి మహా గర్వం. మొదటి పాదం మళ్లీ నా గొంతు అడుగునే ఉంది. బ్యాండ్ మాస్టారు మొన్న కూడా, "మెలోఫోన్స్, వినపడట్లేదు, ఇంకా గట్టిగా" అన్నారు. వెనక వరుసలో ముగ్గురు బారిటోన్ పిల్లలు ఖాళీగా కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు.